ఇంట్లో అర్రలు ఎక్కువుండాలా, బయట నేల ఉండాలా? హన్మకొండలో ఇల్లు కొంటున్నం, సలహా కావాలె

వానచినుకు
ఏప్రిల్ 27, రాత్రి 10:15

అందరికీ నమస్తే. పదకొండేళ్ల నుంచి హన్మకొండల కిరాయి ఇండ్లల్లనే ఉంటున్నం. ఇది నాలుగో ఇల్లు. ఈ ఎండకాలం పోయేలోపు సొంతిల్లు కొనాలని గట్టిగ అనుకున్నం. పదహారు ఇండ్లు చూస్తే చివరికి రెండు మిగిలినయి. రెండూ డెబ్బై లక్షల దగ్గరనే ఉన్నయి.

మొదటిది గోపాల్‌పూర్ దిక్కు, కొత్త ఇల్లు. 133 గజాలు. కింద, పైన కలిపి మూడు బెడ్రూములు, పూజగది, పైన ఇంకో చిన్న అర్ర, రెండు హాళ్లు. కట్టుబడి 1,700 చదరపు అడుగులు. గేటు తీస్తే కారు పెట్టే జాగా, అది దాటితే గడప. చుట్టూ టైల్సే. తులసి గద్దె కూడా టైల్స్ మీదనే కట్టిండ్రు.

రెండోది హసన్‌పర్తి రోడ్డు నుంచి లోపలికి, పాత ఇల్లు. 1996ల కట్టిందట. అమ్మేటాయన 242 గజాలు అంటున్నడు, అంటే సరిగ్గా రెండు గుంటలు. ఇల్లు మాత్రం 900 చదరపు అడుగులే, రెండే బెడ్రూములు. తూర్పు ముఖం. ముందట పదిహేను అడుగుల వాకిలి. అందుల జామచెట్టు, కరివేపాకు, మల్లెపందిరి. వెనుక పడమట పెద్ద యాపచెట్టు, చేదబాయి.

ఇంట్ల ఆరుగురం. మామయ్యకు 71 ఏండ్లు. పరకాల దిక్కు ఊరు. భూమి కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చి మూడేండ్లయింది. ఇప్పుడున్న ఇంటి బాల్కనీల పదకొండు రంగు డబ్బాలల్ల పుదీన, కొత్తిమీర, టమాట పెంచుతున్నడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. పెద్దబిడ్డ ఇంటర్ రెండో సంవత్సరానికి పోతది, బైపీసీ. బాబు ఏడో తరగతి. బిడ్డ ఎక్కడ చదువుతదో చెప్తే నాకే బాధయితది. హాల్ల టీవీ, మామయ్య మంచం ఉంటయి. అందరు పండుకున్నంక వంటింట్ల గ్యాసు బండ పక్కన పీట వేసుకొని ఒంటి గంట దాకా చదువుతది.

మా ఆయన కొత్త ఇల్లే అంటున్నడు. మామయ్య ఏం అనలేదు. పాత ఇల్లు చూడబోయిన నాడు మాత్రం గేటు దగ్గరనే చెప్పులు విడిచి వాకిట్లకు నడిచిండు. బాయి దగ్గర గిలక ఒకసారి తిప్పి చూసి, చేయి తుడుచుకొని వచ్చి కారుల కూసున్నడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇట్లాంటిది దాటి వచ్చినోళ్లు చెప్పండి. ఏది వదులుకుంటే తర్వాత ఎక్కువ బాధపడతం?

మేస్త్రీ కొడుకు
ఏప్రిల్ 27, రాత్రి 11:02

అక్కా, సైటు పని చేసే మనిషిగా చెప్తున్న. ఇల్లు పెంచుకోవచ్చు, నేల పెంచుకోలేం. ఇది అందరు చెప్పే మాటనే. కానీ పాత ఇంటి మీద పెంచుకోవచ్చా లేదా అన్నది చూసుకోకుండ ఆ మాట నమ్మొద్దు.

1996 అంటే మన దిక్కు చాలా ఇండ్లు పిల్లర్లు లేకుండ తొమ్మిది అంగుళాల గోడల మీదనే స్లాబు వేసినవి. గోడలే బరువు మోస్తయి. వాటి మీద ఇంకో అంతస్తు ఎక్కిస్తమంటే పునాది చూడాలె. ఇంటి మూలకు మూడడుగుల గుంత తవ్వించి చూడండి, అమ్మేటాయన వద్దంటే అక్కడనే అనుమానపడాలె. స్లాబు కింద సుత్తె కట్టెతోని తట్టుకుంట పోండి. గట్టిగ టక్‌మంటే మంచిది, బోలు చప్పుడు వస్తే లోపల సలాక తుప్పు పట్టి పెచ్చు విడిచినట్టు. బాత్రూము పైభాగం, సన్‌షేడ్ల కింద మొదలు చూడండి. మేడ మీద వానాకాలం నీళ్లు ఎక్కడ నిలబడ్డయో పాకుడు మరకలే చెప్తయి.

నేల ఎర్ర చలకనా, నల్లరేగడా అన్నది కూడా అడగండి. రేగడి ఎండకు పగులుతది, వానకు ఉబ్బుతది. దాని మీద పాత పునాది ఉంటే గోడలకు ఏటవాలు పగుళ్లు కనబడతయి.

కాజీపేట జంక్షన్
ఏప్రిల్ 28, ఉదయం 6:50

మీరు రాసిన దాంట్లో నాకు ఒకటే కనిపించింది మేడం. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల గ్యాసు బండ పక్కన చదువుతోంది. వచ్చే వేసవికి ఆమె పరీక్షలు అయిపోతాయి. చెట్టు తర్వాతైనా పెట్టుకోవచ్చు, ఆ సంవత్సరం మళ్లీ రాదు. కొత్త ఇల్లు తీసుకోండి.

మాది అపార్ట్‌మెంటు, 1,450 చదరపు అడుగులు. మా పేరున వచ్చిన భూమి వాటా 42 గజాలు. మట్టి లేదని ఒక్కనాడు బాధ పడలేదు. పిల్లలిద్దరికీ చెరో గది ఉంది, ఇంట్లో గొడవలు సగం తగ్గాయి. ఎవరి కోపం వాళ్లు గదిలోకి పోయి చల్లార్చుకుని వస్తారు.

యాపకొమ్మ
ఏప్రిల్ 28, మధ్యాహ్నం 2:35

చెల్లె, నీకు నేను వేరే సంగతి అడుగుత. ఆ వాకిలి ఊడ్చేది ఎవరు?

మాది మడికొండల 300 గజాలు. ఇరవై రెండేండ్ల నుంచి ఉంటున్నం. యాపచెట్టు ఉన్నది, సీతాఫలం ఉన్నది, రెండు మునగలు. ఈ చెట్లంటే నాకు ప్రాణం, ముందే చెప్తున్న. కానీ పొద్దున ఐదింటికి లేచి ఊడ్చేది నేను. మాఘం, ఫాల్గునంల యాప ఆకు రాలుతది. ఒకదిక్కు ఊడ్చుకుంట పోతే వెనుక మళ్ల పడతది. వైశాఖంల పూత రాలుతది, తర్వాత పండ్లు. ఆ యాపపండ్ల మీద కాలుజారి మా అత్త తుంటి విరిగింది. మునగకు గొంగళిపురుగు పడితే పిల్లలను వారం రోజులు బయటికి రానియ్యలేదు. వానాకాలం గడ్డి మోకాళ్లెత్తు పెరుగుతది. కోసే కూలి మనిషి దొరకడు, దొరికితే పూటకు ఆరువందలు. రెండుసార్లు పాము వచ్చింది, ఒకటి నాగుబాము.

మా ఇంట్ల మగవాళ్లకు పెరడంటే సాయంత్రం కుర్చీ వేసుకొని చాయ తాగే జాగా. నాకేమో పొద్దున రెండు గంటల పని. నువ్వు నౌకరి చేస్తున్నవో లేదో రాయలేదు. చేస్తుంటే, ఇల్లు కొనకముందే చీపురు ఎవరి చేతికో తేల్చుకో. కొన్నంక అడిగితే ఎవరు ముందటికి రారు.

గిదంత రాసి మళ్ల ఇదీ రాస్తున్న. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయి అంటరు. అప్పుడు మా పక్కింటోళ్లు మధ్యాహ్నం మూడింటికి మా యాపకిందికి వచ్చి కూసుంటరు. వాళ్లది రెండంతస్తుల కొత్త ఇల్లు, మూడు ఏసీలు. కరెంటు పోయిందంటే లోపల పొయ్యిల కూసున్నట్టే. మా పడమటి గోడ మీద చేయి పెడితే సల్లగుంటది, వాళ్ల గోడ రాత్రి పదింటికి కూడ కాలుతది.

నల్లబంగారం
ఏప్రిల్ 28, రాత్రి 9:20

నేను గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లో ముప్పై ఏండ్లు ఉన్న. రెండు అర్రలు, చిన్న వంటిల్లు. నలుగురు పిల్లలు. క్వార్టరు వెనుక కంచె కట్టుకున్న జాగా ఇంటికంటె పెద్దగుండె. అందుల చిక్కుడు, సొర, బీర, ఒక బొప్పాయి. పిల్లలు లోపల ఉన్నది తక్కువ. పెద్దోడు చిక్కుడు పందిరికింద మంచం వేసుకొని పది చదివిండు, ఇప్పుడు ఇంజినీరు. మొదటి షిఫ్టు దిగి వచ్చి ఆ మట్టిల ఒక గంట కూసుంటే బొగ్గుబాయి లోపలి చీకటి ఒంట్లకెల్లి పోయేది.

రిటైరై కరీంనగర్ల బిడ్డ దగ్గర ఫ్లాటుల ఆరు నెలలు ఉన్న. ఏం తక్కువ చేయలేదు వాళ్లు. కానీ పొద్దున లేస్తే నాకు పనిలేదు. పేపరు చదువుడు, టీవీ చూసుడు. కాళ్లు బరువైనయి, ఆకలి మందమైంది. ఇప్పుడు ఊర్లె ఉన్న. మీ మామయ్య ఏం మాట్లాడలేదంటే ఏం వద్దని కాదు బిడ్డ. పైసలు పెట్టేటోళ్లు కొడుకూ కోడలూ, నేనెట్ల నోరు తెరవాలె అని ఊకున్నడు.

కాజీపేట జంక్షన్
ఏప్రిల్ 28, రాత్రి 9:48

పెద్దాయనా, మీ మాట కాదనను. కానీ అప్పటి పదో తరగతి వేరు, ఇప్పటి నీట్ వేరు. పందిరికింద చదివి గట్టెక్కే రోజులు కావు.

నల్లబంగారం
ఏప్రిల్ 28, రాత్రి 10:05

అది కూడ నిజమే సార్.

బ్యాంకు బాబాయి
ఏప్రిల్ 29, ఉదయం 8:10

గృహరుణాల విభాగంలో చాలాకాలం పనిచేశాను. మనసుకు సంబంధించింది మీరు తేల్చుకోండి, నేను కాగితాల సంగతి చెబుతాను.

ముప్పై లక్షలు దాటి డెబ్బై ఐదు లక్షల దాకా రుణమైతే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. డెబ్బై లక్షల ఇంటికి 56 లక్షలు. అదీ మీరు చెప్పుకున్న ధర మీద కాదు, బ్యాంకు ఇంజినీరు కట్టిన విలువ మీద. పాత ఇంటికి కట్టడం విలువ తక్కువ పడుతుంది, భవనానికి మిగిలిన ఆయుష్షు కూడా చూస్తారు. పైగా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం మీ చేతి నుంచి పెట్టుకోవాలి. డెబ్బై లక్షలకు అది ఐదుంపావు లక్షలు. కాబట్టి ఏ ఇల్లైనా సరే, దాదాపు ఇరవై లక్షలు చేతిలో ఉండాలి.

ఇక ముఖ్యమైనది. "242 గజాలు అని అమ్మేటాయన అంటున్నడు" అని రాశారు. ఆయన అనడం కాదు, దస్తావేజులో ఏముంది? లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), కట్టినప్పటి అనుమతి ప్లాను, లేఅవుటుకు ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుటును క్రమబద్ధం చేసుకోవడం) కావాల్సి ఉంటే దాని రసీదు, అన్నీ అడగండి. ఆ తర్వాత టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలవండి. పెరడున్న పాత ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన తేడా అక్కడే. గోడ లోపల ఉన్నదంతా మనదే అనుకుంటాం. కాగితం అలా అనుకోదు.

జగిత్యాల పెద్దమ్మ
ఏప్రిల్ 30, ఉదయం 11:25

ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్త, అశుభం అనుకోకండి. నాలుగేండ్ల కింద మా అత్తమ్మ పోయినప్పుడు మేం అపార్ట్‌మెంటుల నాలుగో అంతస్తుల ఉన్నం. లిఫ్టుల పడుకోబెట్టేంత జాగా లేదు. కుర్చీల కూసోబెట్టి, చీరెతోని కట్టి, మెట్లమీద నుంచి దించిండ్రు. కింద కార్లు పెట్టే కాడ అరగంట ఉంచనిచ్చిండ్రు. ఆమె నీళ్లుపోసి పెంచిన మనుమలు చివరిసారి ఆమెను చూసింది రెండు కార్ల నడుమ. ఇప్పటికీ నాకు ఆ కుర్చే కండ్లల్ల ఉంటది.

ఇల్లన్నంక ఒక పందిరి వేసే జాగా ఉండాలె. పెండ్లికైనా, దినాలకైనా. సంక్రాంతికి సకినాలు చేస్తే పొయ్యి బయట పెట్టుకోవాలె, నలుగురు ఆడోళ్లు గుండ్రంగ కూసోవాలె. తొక్కుకు మామిడికాయలు కొట్టాలె, మిరపకాయలు ఎండబెట్టాలె. బతుకమ్మ పేర్చి వాకిట్ల పెడితే వాడకట్టు పిల్లలు చుట్టూ తిరిగి ఆడాలె. గుమ్మడిపువ్వు, బంతి, కట్లపువ్వు ఇంట్ల పూస్తే, గునుగు, తంగేడు మాత్రం బజార్ల కొనుక్కుంటే చాలు. ఇవన్నీ హాల్ల చేస్తమా?

భీమారం నివాసి
ఏప్రిల్ 30, సాయంత్రం 5:40

కోతుల గురించి ఎవరూ రాయలేదేంది? ఈ దిక్కు చెట్లున్న ఇల్లు కొనేవాళ్లు మొదలు అడగాల్సింది అదే.

మా జామచెట్టుకు ఏటా వందల పిందెలు. మేం తిన్నవి పది కూడ లేవు. గుంపు వస్తే ముప్పై, నలభై ఉంటయి. నీళ్ల ట్యాంకు మూత లేపి లోపల స్నానం చేస్తయి, కేబుల్ వైర్లు పట్టుకొని ఊగుతయి. కిటికీ సందుల నుంచి చెయ్యి పెట్టి వంటింట్ల గిన్నె గుంజుకపోయినయి. మా అమ్మను మెట్లమీద తరిమితే పడి చెయ్యి విరిగింది. నిర్మల్ దగ్గర 2020ల కోతుల పునరావాస కేంద్రం తెరిచిండ్రు గని, మన గల్లీల గుంపుకు ఏం తేడా రాలేదు.

పండ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. వాకిలి మీద జాలీ వేయించుకునే ఖర్చు ధరల కలుపుకోండి. మా అనుభవంల అవి ముట్టనివి నిమ్మ, పసుపు, కాకర, కరివేపాకు, మల్లె, గోరింటాకు. మిగతాదంత వాటికే.

వానచినుకు
మే 1, రాత్రి 10:40

అందరివీ రెండుసార్లు చదివిన. యాపకొమ్మ అక్కా, నేను ప్రైవేటు బడిల టీచరును, ఏడున్నరకు ఇల్లు విడుస్త. మీరడిగింది రాత్రి అన్నం తినేటప్పుడు అందరి ముందటా చదివి వినిపించిన. మా ఆయన ఏం జవాబియ్యలేదు. పొద్దున మాత్రం లేచి ఇప్పటి ఇంటి మెట్లు ఊడ్చిండు. చూద్దాం.

పెద్దమ్మా, మీ కుర్చీ మాట చదివినంక చాలాసేపు ఫోను పక్కకు పెట్టిన.

ఆదివారం టేపు తీసుకొని పోతం.

వానచినుకు కూతురు
మే 2, రాత్రి 12:20

అమ్మ ఫోన్ నుంచి రాస్తున్నా. అందరూ నా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ చెప్పాలనిపించింది. నాకు పెద్ద గది అక్కర్లేదు. తలుపు కావాలి. వేసుకుంటే ఎవరూ "ఏం చదువుతున్నవ్, నిద్రపోలేదా" అని అడగని తలుపు. మంచం, టేబుల్ పడితే చాలు.

పాత ఇంటి దగ్గర తాతయ్య జామచెట్టు కాండం మీద గోరుతో గీరి చూసి, "ఇది బతికున్న చెట్టు, కొమ్మలు కొడితే మళ్ల కాస్తది" అన్నాడు. మూడేళ్లలో తాతయ్య ఒక విషయం గురించి అంత ధీమాగా మాట్లాడటం నేను వినలేదు. టీవీ రిమోట్ కావాలన్నా మమ్మల్ని అడుగుతాడు. అందుకే నాకు ఎటు చెప్పాలో తెలియడం లేదు.

యాపకొమ్మ
మే 2, ఉదయం 5:55

బంగారు తల్లి. ముందు పండుకో, నిద్రలేకపోతే చదివింది తలకెక్కదు.

వానచినుకు
మే 4, సాయంత్రం 7:30

బ్యాంకు బాబాయి గారూ, మీకు దండం.

స్థలం వెడల్పు 36 అడుగులు, అది సరిపోయింది. గోడ నుంచి గోడకు లోతు 60 అడుగుల 6 అంగుళాలు. కొలిస్తే సరిగ్గా 242 గజాలే. దస్తావేజు నకలు తీసుకొని చూస్తే లోతు 49 అడుగుల 6 అంగుళాలే ఉన్నది. అంటే 198 గజాలు. వెనుక పదకొండు అడుగులు, 44 గజాలు, కాగితంల లేవు. యాపచెట్టు, బాయి రెండూ ఆ పదకొండు అడుగులల్లనే ఉన్నయి.

పడమటి హద్దు "కాలువ గట్టు" అని రాసి ఉన్నది. కాలువను ఆనుకొని ఆ ఇల్లు కట్టిన పెద్దాయన ఎప్పుడో గోడ కట్టుకున్నడట. "ముప్పై ఏండ్ల నుంచి మా కబ్జాలనే ఉన్నది, ఎవరడుగుతరు?" అన్నడు అమ్మేటాయన. పక్కింటామెను అడిగితే వెనుక గోడ దగ్గరికి తీసుకపోయి చూపించింది. 2023 జులై వానలకు నీళ్లు లోపలికి వచ్చి మూడో ఇటుక వరుస దాకా నిలబడ్డయట, మరక ఇంకా ఉన్నది. ఇంటి బేసుమట్టం మూడడుగుల ఎత్తు ఉండబట్టి లోపలికి రాలేదన్నది.

మా ఆయన "ఇగ అయిపోయింది, గోపాల్‌పూరే" అన్నడు. మామయ్య బాయి దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నడు. ఏమని పిలవాలో తెల్వలే.

బ్యాంకు బాబాయి
మే 4, రాత్రి 8:15

అమ్మా, ఆ 44 గజాలకు ఒక్క రూపాయి కట్టకండి. బ్యాంకు కట్టదు, రిజిస్ట్రేషన్ కాదు. 2020 ఆగస్టు వరదల తర్వాత వరంగల్, హన్మకొండల్లో నాలాల మీద కట్టిన వాటిని ఎలా కూల్చారో మీరు చూశారు. ముప్పై ఏళ్లు అనుభవించినా కాలువ గట్టు కాలువదే. అక్కడ ఏమీ కట్టొద్దు, లెక్కలో వేసుకోవద్దు.

అయితే 198 గజాలు మాత్రం శుభ్రంగా ఉంటే ఇల్లు వదిలేయాల్సిన పని లేదు. ధర 198 గజాలకే కట్టి మాట్లాడండి. ముందు వాకిలి మీ కాగితంలోనే ఉంది కదా. 36 అడుగులు, పదిహేను అడుగులు. అంటే 60 గజాల నేల. హన్మకొండలో ఎంతమందికి ఉంది అది? కాలువకు వదలాల్సిన దూరం మాత్రం కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో రాతపూర్వకంగా తెలుసుకోండి.

కాజీపేట జంక్షన్
మే 4, రాత్రి 8:50

నేనైతే దాటి వెళ్లిపోతాను. వెనుక కాలువ ఉన్న ఇల్లు నాకు వద్దు. ప్రతి జులైలో ఆకాశం వైపు చూస్తూ కూర్చోలేను.

కొత్తవాడ మగ్గం
మే 5, ఉదయం 10:30

పెరడు లేకపోయినా వెలుతురు ఉంటే మనిషి బతుకుతడు, ఇది నా అనుభవం. మాది కొత్తవాడల జంపఖానాలు నేసే ఇల్లు. ఇంట్ల సగం మగ్గానికే పోయేది. కానీ నాయిన కాలపుది భవంతి ఇల్లు, నడుమ ఎనిమిదడుగుల జాగాల మొగులు కనబడేది. వానపడితే నట్టింట్ల పడేది. అందుల ఒక తులసి, ఒక దానిమ్మ. గంతే. తొమ్మిదిమందిమి దాని చుట్టే తిరిగినం.

2011ల దాన్ని ఇప్పి రెండంతస్తులు కట్టినం. అర్రలు ఎక్కువైనయి, నడుమ మొగులు పోయింది. పట్టపగలు లైటు వేస్తే గని దారం రంగు తెల్వదు. గోపాల్‌పూర్ ఇంటికి మళ్లొకసారి పోయి మధ్యాహ్నం లైట్లన్నీ బంద్ చేయించి ప్రతి అర్రల ఐదు నిమిషాలు నిలబడండి. పక్కిండ్ల గోడలు మూడడుగుల దూరంల ఉంటే కిటికీలు పేరుకే.

వానచినుకు
మే 11, రాత్రి 9:10

కొత్తవాడ అన్నా, మీరు చెప్పినట్టే చేసినం. పొద్దు నెత్తిమీద ఉన్నప్పుడు పోయినం. కింది బెడ్రూముల, అంటే అత్తమ్మ, మామయ్యలకు ఇయ్యాలనుకున్న దాంట్ల, లైటు లేకపోతే చేతి గీతలు కనబడలే. పైన అర్రలు వెలుతురుగున్నయి గని, అత్తమ్మ పైకి ఎక్కలేదు. ఆరుగురి ఇల్లు రెండుగా అయితదని అప్పుడు అర్థమైంది. కింద వాళ్లిద్దరు, పైన మేం.

మా ఆయన కూడ ఆ అర్రల నిలబడి ఏం మాట్లాడలేదు. బయటికి వచ్చినంక "పాతింటాయనకు ఫోన్ చేస్త" అన్నడు.

మేస్త్రీ తమ్మీ, గుంత తవ్వించినం. ఇంజినీరు చూసి, పిల్లర్లు లేవు, పైన అంతస్తు వద్దన్నడు. స్లాబు బాత్రూము పైన ఒక గజం మేర బోలు ఉన్నది, మిగతాది గట్టిగున్నది. నేల చలకే. మరి బిడ్డకు అర్ర ఎక్కడ కట్టాలె?

మేస్త్రీ కొడుకు
మే 11, రాత్రి 10:25

వెనుక కట్టొద్దు, అది తేలిపోయింది. పైన వద్దన్నరు. మిగిలింది ముందు వాకిలే అక్కా.

రోడ్డు దిక్కు మీటరున్నర వదలాలె, అంటే ఐదడుగులు. పదిహేనుల ఐదు పోతే పది. పది అడుగులు, పన్నెండు అడుగుల అర్ర వస్తది. ఈశాన్యం ఖాళీగ ఉంచి ఆగ్నేయం మూలకు పెట్టండి, ఇంట్ల పెద్దోళ్లకు వాస్తు పట్టింపు ఉన్నా ఇబ్బంది రాదు. కొత్త గోడను పాత గోడకు కలపొద్దు, వేరే పునాది, వేరే పిల్లర్లు, నడుమ అంగుళం సందు. కలిపితే రెండేండ్లకు అతుకు కాడ పగులుతది. కార్పొరేషన్ల అనుమతి తీసుకొనే కట్టండి. ఇప్పుడు మంచిగ కడితే చదరపు అడుగుకు రెండువేల దాకా అయితంది, 120 అడుగులకు రెండు లక్షల నలభై వేలు, పైఖర్చులు కలుపుకొని మూడు లోపల.

కానీ మీ 60 గజాల నేలల 13 గజాల పైన పోతది. మల్లెపందిరి ఆ మూలకే ఉందా?

వానచినుకు
మే 11, రాత్రి 10:40

ఆ మూలకే ఉన్నది.

వానచినుకు
జూన్ 3, రాత్రి 9:50

ఇన్ని రోజులు రాయలేదు, ఏమనుకోకండి. పోయిన వారం రిజిస్ట్రేషన్ అయింది. 71 లక్షలు అన్న అమ్మేటాయన 198 గజాల లెక్కకు 62 లక్షలకు వచ్చిండు. టౌన్ ప్లానింగుల అడిగినం, కాలువ దిక్కు కాగితం హద్దు దాటి ఏం కట్టొద్దని చెప్పిండ్రు. వెనుక పదకొండు అడుగులు మాది కాదని మేమే మా ఇంట్ల అందరికీ చెప్పుకున్నం. యాపచెట్టు నీడ ఉన్నన్ని రోజులు పడమటి గోడ మీద పడతది. బాయి మీద ఇనుప జాలీ వేయించినం, ఎవరూ పడకుండ.

బిడ్డ అర్ర గురించి మామయ్యకు చెప్పుడు నాకు కష్టమైంది. ఎండల తిరిగి తిరిగి ఆయనకు దొరికిన మట్టిల నుంచి మళ్ల మేమే తీసుకుంటున్నమని. ఆదివారం పొద్దున పోయేసరికి ఆయన మాకంటె ముందే ఆటోల పోయి ఉన్నడు. చేతిల ముగ్గు డబ్బా. అడుగుకు అడుగు ఆనించి కొలుచుకుంట, ఆగ్నేయం మూలకు అర్ర కొలతకు ముగ్గుపోసిండు. జామచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగి, గీత రెండడుగులు వెనుకకు జరిపి, మళ్ల తల అడ్డంగ ఊపి, చెరిపేసి, మొదటి గీత మీదనే పోసిండు. "దానికి కిటికీ ఇటు పెట్టుండ్రి, జామకొమ్మ కనబడతది. చదివి చదివి కండ్లు గుంజినప్పుడు చూసుకుంటది" అన్నడు.

పొద్దున వాకిలి ఊడ్చేది మా ఆయన, బాబు. నీళ్లు మామయ్య. నేను కాదు. మాట తీసుకున్న.

ఇప్పుడు రెండు అడగాలె. జామచెట్టుకూ కొత్త గోడకూ నడుమ మూడున్నర అడుగులే ఉన్నది, వేరు పునాదిని పాడుచేస్తదా? మల్లెపందిరి తీయక తప్పదు, పదిహేనేండ్ల తీగ, తవ్వి వేరే చోట పెడితే బతుకుతదా?

మేస్త్రీ కొడుకు
జూన్ 3, రాత్రి 10:15

జామ ఏం చేయదు అక్కా, మర్రి, రావి అయితే భయపడాలె. పునాది తవ్వేటప్పుడు మాత్రం చెట్టు దిక్కు జేసీబీ పెట్టొద్దు, గడ్డపారతోని మనిషి తవ్వాలె. లావు వేరు తగిలితే నరకకుండ నన్ను అడగండి, బీము నాలుగు అంగుళాలు ఎత్తు లేపి దాటించొచ్చు.

భీమారం నివాసి
జూన్ 4, ఉదయం 7:05

శుభాకాంక్షలు. కిటికీకి జాలీ మర్చిపోవద్దు. జామకొమ్మ కనబడుతది అంటే కోతికి కూడ ఆ కిటికీ కనబడుతది. చదువుకునే పిల్ల, చేతిల బిస్కెట్ ఉంటది.

కాజీపేట జంక్షన్
జూన్ 4, ఉదయం 8:30

నేను వద్దన్న ఇల్లే కొన్నారు, అయినా చదువుతుంటే సంతోషంగా ఉంది మేడం. జులైలో గట్టి వాన పడిన రోజు వెనుక గోడ దగ్గర నీళ్లు ఎంత వచ్చాయో ఇక్కడ రాయండి. నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. పాప గదికి ముందు కరెంటు పాయింట్లు రెండు ఎక్కువ పెట్టించండి.

యాపకొమ్మ
జూన్ 4, మధ్యాహ్నం 1:15

చెల్లె, పదిహేనేండ్ల మల్లె ఈ ఎండకు తవ్వితే బతుకదు. ఎనిమిది తారీఖు మృగశిర పడతది. రెండు వానలు పడి మట్టి లోపలిదాకా తడిసినంక, తీగ మోకాలెత్తు దాకా కత్తిరించి, మట్టిగడ్డ విడువకుండ లేపండి. అదైనా సగం నమ్మకమే. అందుకే నా దగ్గర నుంచి అంట్లు తీసుకపో. పోయినేడు తొక్కి పెట్టిన కొమ్మలు ఆరు ఉన్నయి, వేళ్లు బాగ పట్టినయి. మడికొండ వచ్చే ముందు ఫోన్ చేయి, సాయంత్రం పూట రా. మీ మామయ్యను తీసుకరా, ఎట్ల తవ్వాలో ఆయన చూసుకుంటడు. రెండు తడి గోనెసంచులు తెచ్చుకోండి.